నీ వెనుక వచ్చేటోడు

కట్టంగూర్,
13 నవంబర్ 2022

మల్లికకు నీ మేనత్త గోపమ్మ రాస్తున్నది.

ఈసారి దీవెనలు పెట్టి మొదలుపెడుతలేను. నీ సంగతేందో తేలినంక రాస్త.

నిన్న మా ఎల్లేష్ దుకాణంల కూసోని ఫోన్ల ఒక ఫోటో చూపించిండు. పన్నెండు మంది వరుసగ సైకిళ్లు పట్టుకొని నిలబడ్డరు. నెత్తికి బోర్లిచ్చిన గిన్నె లెక్క టోపీలు, కండ్లకు నల్లద్దాలు, ఒంటికి అతుక్కున్న పచ్చంగీలు. ఎవడు ఎవడో తెల్వదు, అందరు ఒక్కతీరుగనే ఉన్నరు. నిన్ను మాత్రం జడను బట్టి గుర్తుపట్టిన. కింద ఇట్ల రాసి ఉన్నది: "మేనేజర్ రాంచందర్ సారథ్యంలో కంపెనీ సైకిల్ జట్టు సేవాయాత్ర. రోడ్డు ప్రమాదంలో మరణించిన కార్మికుడు కురుమయ్య కూతురు మల్లిక కూడా జట్టులో ఉన్నారు."

రోడ్డు ప్రమాదమా? నా తమ్ముడు రోడ్డు మీద సచ్చిండా మల్లికా?

మర్చిపోయినవేమో, గుర్తుచేస్త. పైపుల షెడ్డు ముందట ఫోర్క్‌లిఫ్ట్ బండి తగిలి పడ్డడు మీ బాపు. పానం ఉండంగనే నలుగురితోని లేపించి గేటు దాటించి రోడ్డు పక్కన పండబెట్టించింది ఆ రాంచందరే. పక్కన సైకిల్ కూడా పడేపించిండు, ఏదో లారీ గుద్దిపోయిందని అందరు నమ్మెటట్టు. దవాఖానకు పోవాల్సిన పావుగంట గేటు దాటించుటానికే పోయింది. ఇది ఫ్యాక్టరీల అందరికి తెలుసు, ఒక్కడు నోరు తెరువడు. నువ్వేమో వాని జట్టుల నవ్వుకుంట ఫోటో దిగినవు.

ఫోన్ చేసి సముదాయిద్దామనుకోకు. ముప్పై ఏండ్లు కంకర మిషన్ కాడ పనిచేసిన చెవులు నాయి, ఫోన్ల నీ గొంతు రాదు. ఎల్లేష్ ఫోన్‌కు చేస్తే వాడు సగం మింగి సగం చెప్తడు. వయోజన విద్యల నేర్చుకున్న నాలుగక్షరాలు ఇందుకే. కాగితం మీద రాయి.

అన్నం తిని జవాబు రాయి. ఖాళీ కడుపుతోని రాస్తే అబద్ధాలొస్తయి.

గోపమ్మ

*

షాద్‌నగర్,
19 నవంబర్ 2022

అత్తమ్మకు దండాలు.

అన్నం తిన్నాను, పచ్చిపులుసుతో. అమ్మ కూడా నా పక్కనే తిన్నది. ఇక అబద్ధాలు రావు.

మూడు నెలల కింద ఆఫీసు నుంచి సుహాసిని మేడం పిలిపించింది. "మీ నాయిన పేరు మీద సైకిల్ తొక్కుతున్నం, నువ్వు కూడా ఉంటే బాగుంటది" అన్నది. జట్టులో ఒక్క ఆడమనిషి లేదు, ఫోటోకి ఒకరు కావాలి, అందులో చనిపోయినవాడి బిడ్డ అయితే ఇంకా మంచిది. మొహం మీద ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చింది. బయటికి వచ్చి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చుని ఆలోచించాను. బాపు ఉద్యోగం నాకిచ్చి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో రాంచందర్‌ని దగ్గరగా ఒక్కసారి కూడా చూడలేదు. అతని గది మేడ మీద, మా బల్లలు కింద. జట్టులో చేరితే ప్రతి ఆదివారం చేయి చాపితే అందేంత దూరంలో ఉంటాడు. సరే మేడం అన్నాను.

నీకు సైకిల్ జట్టు సంగతి ఒకటి చెప్పాలి. అందరూ ఒకరి వెనుక ఒకరు వరుసగా పోతారు. ముందు ఉన్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనుక ఉన్నవాళ్లకు సగం కష్టమే. ముందరి చక్రానికి మూరెడు దూరంలో ఉంటేనే ఆ సుఖం. వదిలితే గాలి మొత్తం ఎదురొస్తుంది. రాంచందర్‌కు యాభై ఐదేళ్లు, దమ్ము తక్కువ. నేను కాలేజీకి పదకొండు కిలోమీటర్లు బాపు సైకిల్ మీద ఎదురుగాలిలో తొక్కినదాన్ని. ఊగకుండా ఒక్క తీరుగా పోతాను. రెండో వారానికే అతనికి తెలిసిపోయింది. "మల్లికా, జర సాఫ్‌గ పో, నేను నీ ఎన్కనే ఉంట" అన్నాడు. అప్పటి నుంచి నా వెనుక చోటు అతనిది. నేను వేగం కొంచెం కొంచెం పెంచుతాను. అతను రొప్పుతాడు కానీ వదలడు, వదిలితే ఒంటరివాడైపోతాడు కదా.

నాకు కావాల్సింది ఒక్కటే. బాపు గేటు లోపల పడ్డాడని, తానే బయటికి మోయించానని ఆ మనిషి తన నోటితో అందరి ముందు చెప్పాలి. అంతవరకు నిద్రపోను. ఆ రోజు ఆ ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన వీరేశం అన్న కూడా మెత్తబడుతున్నాడు. "సాక్ష్యం చెప్త మల్లికా, జర ఆగు" అన్నాడు. అందుకే ఆగుతున్నాను.

ఎల్లేష్ బావను, ప్రవళికను అడిగానని చెప్పు. ప్రవళికకు ఎన్నో నెల?

నీ కోడలు,
మల్లిక

*

కట్టంగూర్,
27 నవంబర్ 2022

మల్లికా,

ప్రవళికకు ఏడో నెల. చింతకాయలు తప్ప ఇంకేం ముడుతలేదు. నీ ఉత్తరం చూస్తే బడి పంతులమ్మ రాసినట్టున్నది, "అన్నాడు", "ఉంటాడు" అనుకుంట. వానికి అంత మర్యాద ఎందుకు?

నీ మాట సగం నమ్మిన. మిగిలిన సగం ఎందుకు నమ్మలేదో చెప్త. వాడు నీ వెనుక సల్లగ, సుఖంగ పోతున్నడని నువ్వే రాసినవు. మీ బాపును సంపినోనికి నువ్వు గాలి అడ్డం కాస్తున్నవు. ఇందుల పగ ఏడున్నది? నాకు కనబడలేదు.

అసలు ఈ సేవ ఏందే? నా తమ్ముడు పందొమ్మిదేండ్లు అదే రోడ్డు మీద సైకిల్ తొక్కిండు. వాడు తొక్కితే కూలోడన్నరు. ఆఫీసర్లు తొక్కితే సేవ అయింది, పేపర్ల పడ్డది.

నీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. మూడొద్దులనాడు పిట్టకు పెట్టినం కదా, అప్పుడు నువ్వు ఏడ్సి ఏడ్సి ఇంట్లనే పడి ఉన్నవు. మేం విస్తారిల అన్నం, కోడికూర, సీసాల కల్లు పెట్టి దూరం జరిగినం. పిట్ట చెట్టు మీదనే కూసున్నది, దిగలేదు. మీ అమ్మ జంగమ్మ "బిడ్డకు మంచి సంబంధం చూస్త" అన్నది. దిగలేదు. "ఇల్లు స్లాబ్ వేయిస్తం" అన్నరు ఎవరో. దిగలేదు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. అప్పుడు నేను ముందుకు పోయి, "నిన్ను గేటు బయట పడేసినోని నోటితోనే చెప్పిస్త తమ్ముడా, నాది మాట" అన్న. అప్పుడు దిగి ముట్టింది. అందరు చూసిన్రు.

అందుకే నాకు తొందర. మాట ఇచ్చింది నేను. నీ పెండ్లి మాటకు దిగని పిట్ట నా మాటకు దిగింది. ఇగ నా పానం ఎట్లుంటదో ఆలోచించు.

ఎన్ని ఆదివారాలు తొక్కుతవో, వాన్ని ఎట్ల పట్టుకుంటవో అది రాయి. ఒట్టి ముచ్చట్లు రాయకు.

గోపమ్మ

*

షాద్‌నగర్,
8 జనవరి 2023

అత్తమ్మకు,

పిట్ట సంగతి చదివి ఆ రోజు పనికి పోలేదు. ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు అదే కారణం అనుకో. ఇంకో కారణం, నీకు చెప్పదగ్గ మాట ఇప్పుడే దొరికింది.

ఈ నెల ఇరవై రెండున పెద్ద రైడ్ ఉంది. హైదరాబాద్ శివార్ల నుంచి సూర్యాపేట దాకా. రోడ్డు ప్రమాదాల్లో కాళ్లు పోయినవాళ్లకు పెట్టుడు కాళ్లు ఇప్పించడానికి. ఇరవై కంపెనీల జట్లు వస్తాయి. అందులో ఒక రివాజు ఉన్నది. ప్రతి ఒక్కరూ తాము ఎవరి కోసం తొక్కుతున్నారో ఆ మనిషి పేరు ఒక అట్ట మీద రాసి వీపుకు పిన్నీసులతో పెట్టుకోవాలి. ఎవరు ఏం రాసుకున్నా అడిగేవాళ్లు లేరు.

నేను రాసే మాట ఇది: "కురుమయ్య. పైపుల షెడ్డు ముందు పడ్డాడు. గేటు లోపల."

పెద్దక్షరాలతో రాస్తాను. వరుసలో పోయేటప్పుడు వెనుకవాళ్లకు ముందరివాళ్ల వీపు తప్ప వేరే ఏదీ కనిపించదు అత్తమ్మా. తల తిప్పితే చక్రాలు తగిలి పడతారు. రాంచందర్ నా వీపు చూస్తూ వంద కిలోమీటర్లు రావాలి. వదిలితే గాలి తింటుంది, పట్టుకుంటే ఆ అక్షరాలు తింటాయి. పగ ఏడున్నది అని అడిగావు కదా. ఇక్కడున్నది.

నార్కట్‌పల్లి తర్వాత కట్టంగూర్‌లో ఆగుతాం. అక్కడ మజ్జిగ పోసేవాళ్ల పేరు అడిగితే నీ పేరు ఇచ్చాను, "గోపమ్మ, మల్లిక మేనత్త" అని. రాంచందర్ ఆ కాగితం చూసి పక్కన పెట్టాడు. అందరం దిగి నిలబడ్డాక నీ పక్కన నిలబడి అందరి ముందు అడుగుతాను, ఈ చీటీ మీద రాసింది నిజమా కాదా చెప్పు సార్ అని. అప్పటికి అతని దమ్ము అయిపోయి ఉంటుంది. అబద్ధం చెప్పాలంటే కూడా దమ్ము కావాలి.

నీకు అతని మొహం తెలియదు, టోపీలు అద్దాలు పెట్టుకుంటే మాకే తెలియదు. గుర్తు ఒకటే. నా వెనుక వచ్చేవాడే వాడు.

కొట్టకు. చెప్పు తీయకు. నిలబడి చూడు, చాలు.

మల్లిక

*

కట్టంగూర్,
23 జనవరి 2023

మల్లికా,

భయపడ్డవు కదా? నిజం చెప్పు.

పొద్దున తొమ్మిదింటి సంది రోడ్డు పక్కన పందిరి కింద నిలబడ్డ. రెండు కడవల మజ్జిగ, అల్లం, కరివేపాకు దంచి వేసిన. నువ్వు చెప్పు తీయొద్దన్నవని చెప్పులు ఇంట్లనే ఇడిసి వట్టి కాళ్లతోని పోయిన, చేతికి అందకుండ. రోడ్డు దిక్కు చూసి చూసి కండ్లు మండినయి. గుంపులు గుంపులు వచ్చిన్రు, మజ్జిగ తాగిన్రు, పోయిన్రు. పచ్చంగీలోళ్లు కూడా వచ్చిన్రు. అందుల జడ లేదు. నా కోడలు లేదు. నా వెనుక వచ్చేటోడే వాడు అన్నవు. నువ్వే రాకపోతే వెనుకోన్ని ఎట్ల గుర్తుపట్టాలె?

పన్నెండు దాటినంక ఒకాయన ఒక్కడే వచ్చిండు, అందరికంటె ఆఖరుకు. నెరిసిన మీసాలు. గాలికి పెదవులు ఎండిపోయినయి. సైకిల్ ఆగకముందే దిగి తూలిండు. వీపు మీద అట్ట కూడా లేదు, రెండు పిన్నీసులే ఏలాడుతున్నయి. మా ఎల్లేష్ అప్పుడే ఐసుగడ్డ తెస్తనని పోయిండు, పందిరి కింద నేనొక్కదాన్నే.

ఆయన సక్కగ వచ్చి నా కాళ్లు పట్టుకున్నడు. పట్టుకొని చానాసేపు ఏదో చెప్పిండు. పెదవులు కదులుతున్నయి, నల్లద్దాల కింది నుంచి నీళ్లు కారుతున్నయి. నాకు వినబడదని పరాయోళ్ల ముందట చెప్పుకోను, నీకు తెలుసు. మొఖం చూసి తలకాయ ఊపుత. ఎవల బిడ్డనో ఏమో, దాహానికి సోలిపోయిండు, నీళ్ల కోసం ఇంత బతిమిలాడుతున్నడు అనుకున్న. నెత్తి మీద చెయ్యి పెట్టి "సల్లగుండు బిడ్డ" అన్న. రెండు గిలాసల మజ్జిగ తాగి, నాకు దండం పెట్టి, జీపెక్కి పోయిండు.

ఆ ఒక్కని మొఖం చూసి కడుపు తరుక్కపోయింది. కాని నేను ఎవని కోసం నిలబడ్డనో వాడు మాత్రం దొరకలేదు. నా కాళ్లు ఇంకా గుంజుతున్నయి. నీకు చేతగాకపోతే ముందే చెప్పాల్సింది. అరువయ్యేండ్ల ముసల్దాన్ని రోడ్డు మీద నిలబెట్టి నువ్వు ఇంట్ల పండుకున్నవా?

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

గోపమ్మ

*

కొల్లాపూర్,
4 ఫిబ్రవరి 2023

అత్తమ్మా,

పైన ఊరి పేరు చూశావు కదా. నన్ను ఇక్కడి గోదాముకు బదిలీ చేశారు. షాద్‌నగర్‌లో అమ్మ ఒక్కతే ఉంది. ఇక్కడ మామిడి తోటలు పూతకొచ్చాయి, గోదాములో నేనూ పైపులూ తప్ప ఎవరూ లేరు. రాయడానికి కావాల్సినంత తీరిక ఉంది, ఓపికే లేదు. అయినా రాస్తున్నాను.

నేను భయపడలేదు. చౌటుప్పల్ దాటినప్పటి నుంచి ఆ మనిషి నా చక్రం వదల్లేదు. తేలు కుట్టిన దొంగ అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. అరవలేడు, ఆగలేడు. చిట్యాల దగ్గర మాత్రం "మల్లికా, గా చీటీ తీసెయ్యరాదు బిడ్డ" అన్నాడు. "పిన్నీసులు గట్టిగ వెట్టిన సార్, రావు" అన్నాను. ఆ తర్వాత ఏడుస్తున్న చప్పుడు వచ్చింది. నేను వేగం పెంచాను.

నార్కట్‌పల్లిలో ఆగినప్పుడు సుహాసిని మేడం నా వీపు చదివింది. తీసెయ్యమంది. తీయనన్నాను. రెండు నిమిషాల్లో నా సైకిల్‌ను జీపులోకి ఎక్కించి నన్ను వెనక్కి పంపేశారు. అద్దంలోంచి చూశాను, రాంచందర్ రోడ్డు పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని వీపు మీద కూడా బాపు పేరే ఉంది, "రోడ్డు ప్రమాద మృతుడు కురుమయ్య" అని. నీ దగ్గరికి వచ్చేసరికి అట్ట లేదంటే దారిలో చింపేసుకున్నాడన్నమాట.

అవును అత్తమ్మా. నీ కాళ్లు పట్టుకున్న నెరిసిన మీసాలాయనే రాంచందర్.

నువ్వు పిట్టకు ఇచ్చిన మాట, నేను ఐదు నెలలు తొక్కిన తొక్కుడు, అంతా నీ కాళ్ల దగ్గర పోసి వెళ్లాడు. నీకేమో ఒక్క ముక్క వినబడలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీలో ఏమని చెప్పుకుంటున్నాడో తెలుసా? "కురుమయ్య అక్క కాళ్లు పట్టుకొని అంతా చెప్పుకున్న. ఆమె నెత్తిన చెయ్యి పెట్టి సల్లగుండు అన్నది. ఆ ఇంటోళ్లకు నా మీద ఏం లేదు." ఏం చెప్పుకున్నాడో మాత్రం ఎవరికీ చెప్పడు. క్యాంటీన్లో అందరూ పెద్దమనిషి అంటున్నారట. వీరేశం అన్నకు ఫోన్ చేస్తే, "మీ అత్తనే దీవించినంక నడుమల నేనెవన్ని మల్లికా" అని పెట్టేశాడు. ఉన్న ఒక్క సాక్షి కూడా పోయాడు.

ఈ నెల పందొమ్మిదిన ఆదివారం పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఇంకో రైడ్ మొదలవుతుంది. షిఫ్ట్ మారే సమయానికి పెట్టారు, పనివాళ్లందరూ చప్పట్లు కొట్టాలని. మైకు, జెండా, పూలదండలు. నేను ఉండను.

నీ మీద నాకు కోపంగా ఉంది. వినబడలేదని ఒక్కమాట అంటే నీ పరువు పోయేదా?

మల్లిక

*

కట్టంగూర్,
20 ఫిబ్రవరి 2023

మల్లికా,

నీ ఉత్తరం చదివిన. వాని నెత్తి మీద పెట్టిన చెయ్యిని బూడిద వెట్టి తోమిన. చేసిన పాపం చెప్పుకుంటే పోతదంటరు. చెవిటిదానికి చెప్పుకుంటే ఎట్ల పోతది?

శనివారం ఎల్లేష్‌ను తోలుకొని షాద్‌నగర్ పోయిన. నీకు ఫోన్ చేయొద్దని మీ అమ్మతోని ఒట్టు వేయించిన, ఇది నేనే రాయాలె అని. తెల్లారి ముగ్గురం గేటు కాడికి పోయినం. దిగే షిఫ్ట్‌వాళ్లు, ఎక్కే షిఫ్ట్‌వాళ్లు అంత అక్కడనే ఉన్నరు, మూడొందల మంది ఉంటరు. పచ్చంగీలోళ్లు టోపీలు ఇంకా పెట్టుకోలేదు. నెరిసిన మీసాలు దూరం నుంచే కనబడ్డయి.

నన్ను చూసి వాని మొఖం వెలిగింది. అందరి ముందట ఇంకోసారి దీవెన దొరుకుతదనుకున్నడు. కాళ్లు మొక్కుటానికి వంగిండు. కాళ్లు వెనుకకు తీసుకున్న.

మీ సుహాసిని మేడం చేతుల మైకు ఉన్నది. అడిగి తీసుకున్న. కార్మికుని అక్క నాలుగు మంచి మాటలు చెప్తదనుకున్నది పాపం. నేను ఇట్లన్న:

"సారూ, మొన్న నా కాళ్లు పట్టుకొని ఏదో చెప్పినవు. నాకు చెవులు వినబడయి. ఏం చెప్పినవో తెల్వకనే దీవించిన. ఇప్పుడు మళ్ల చెప్పు. విన్నంక ఆ దీవెన నీకే ఉంచాల్నో, వాపస్ తీసుకోవాల్నో చూస్త."

మైకు వాని చేతుల పెట్టిన. వాడు ఏమన్నడో ఎల్లేష్ తర్వాత కాగితం మీద రాసిచ్చిండు, అదే నీకు రాస్తున్న.

మొదట, "తప్పయింది అమ్మ, మాఫ్ చెయ్యి" అన్నడట.

"వినబడలే" అన్న.

రెండోసారి, "కురుమయ్య విషయంల జర పొరపాటైంది" అన్నడట.

"వినబడలే. గట్టిగ చెప్పు."

వాడు మైకు దించిండు. సుహాసిని మేడం నా రెక్క పట్టుకున్నది. అప్పుడు దిగే షిఫ్ట్‌ల నుంచి నీ వీరేశం ముందుకొచ్చిండు, చేతుల టిఫిన్ డబ్బ అట్లనే ఉన్నది. "సార్, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? బండి తోలింది నేనే, మోయమన్నది నువ్వే" అన్నడట. మేడం నా రెక్క ఇడిసిపెట్టింది.

రాంచందర్ నా దిక్కు చూసిండు. ఆనాటి లెక్కనే పెదవులు అదిరినయి. మైకు నోటికాడ పెట్టుకొని చెప్పిండు: "కురుమయ్య గేటు లోపలనే పడ్డడు. పానం ఉండంగనే నేనే బయటికి మోయించిన."

మీ అమ్మ మట్టిల కూలబడ్డది. ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. ఒక్కడు కూడా చప్పట్లు కొట్టలేదు, జెండా ఊపేటోడు జెండాను సంకల పెట్టుకున్నడు. చానామంది ఫోన్ల ఎక్కించుకున్నరు. దీవెన వాపస్ తీసుకుంటున్న అని చెప్పి వాని నెత్తి మీదికెళ్లి చెయ్యి ఆడిచ్చిన. పదింటికల్ల వీరేశం, మీ అమ్మ ఠాణాకు పోయి రాసిచ్చిన్రు. వీరేశానికి భయం లేదట, భారం దిగిందట. నిన్ను మళ్ల షాద్‌నగర్ పిలుస్తరో లేదో నాకు తెల్వదు. పిలిస్తే పో, పిలువకుంటే ఈడికి రా. ప్రవళికకు కొడుకు పుట్టిండు.

ఒక్క సంగతి ఎల్లేష్‌కు కూడా చెప్పలేదు, నీకు చెప్తున్న. మూడోసారి వాడు చెప్పింది కూడా నాకు వినబడలేదు బిడ్డా. కాని అక్కడున్న మూడొందల మొఖాలు చూసిన. అందరికి వినబడ్డదని తెలిసింది. అక్కడితోని నేను ఇచ్చిన మాట తీరిపోయింది, ఇంటికి రావచ్చు.

రాలేదు. వాని మొఖంలకు చూసి, "వినబడలే, ఇంకోసారి చెప్పు" అన్న.

చెప్పిండు. మూడుసార్లు నా తమ్ముని కోసం అడిగిన మల్లికా. నాలుగోసారి నా కోసం.

గోపమ్మ